ఆరింది అన్నాను

పోయిన ఆదివారం మా అల్లుడు మా డాబా మీద పొగ పెట్టాడు. దోమలకు కాదు, మాంసానికి. పాత నూనె డ్రమ్ము ఒకటి ఎక్కడి నుంచో మోసుకొచ్చి, అడ్డంగా కోయించి, లోపల ఇనుప జాలీ బిగించాడు. కట్టె ముక్కల పొట్లం ఆన్‌లైన్లో తెప్పించాడు. సూర్యాపేటలో కట్టె దొరకనట్టు కట్టెకు కూడా కొరియర్. ఫోన్లో ఎవరో గడ్డం మనిషి ఇంగ్లీషులో చెబుతుంటే, ఆ ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ పొద్దుటి నుంచి కుస్తీ పడుతున్నాడు. పక్కింటివాళ్ళు రెండుసార్లు తొంగి చూశారు. మా అమ్మాయి ఆరేసిన బట్టలన్నీ లాక్కుని లోపలికి పోయి తలుపేసుకుంది.

నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. మంట ఎక్కువ, పొగ తక్కువ. ముక్కలు లావు. ఉప్పు పట్టించిన తడి అలాగే ఉంది. చెబుదామని నోటిదాకా వచ్చింది కానీ, అడగకుండా చెప్పే అత్త ఏ అల్లుడికి నచ్చుతుందిలే అని ఊరుకున్నాను. లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాను. మధ్యాహ్నానికి అతనే పిలిచాడు. వాళ్ళది కోదాడ, మాట కొంచెం ఆంధ్రా వైపు మాట.

"అత్తయ్యా, ఒక్కసారి వచ్చి చూస్తారా? ఆరిందా?"

అంతే, నా నవ్వు ఎటు పోయిందో. "నాకు తెల్వదు బిడ్డా" అని కిందికి దిగి వచ్చేశాను. పాపం, తానేం తప్పు మాట్లాడాడోనని సాయంత్రం దాకా నా మొహం చూస్తూనే ఉన్నాడు. ఆ మాటతో నాకున్న పేచీ అతనికెలా తెలుస్తుంది? మాంసంలో తడి పోయినా ఆరింది అంటాం. పొయ్యిలో నిప్పు పోయినా ఆరిందే అంటాం. పదకొండేళ్ళప్పుడు ఆ మాట నేనొకసారి అన్నాను.

మాది వేములపల్లి దగ్గర పల్లె. మా నాయిన మిర్యాలగూడ బియ్యం మిల్లులో హమాలీ. పొద్దున్నే సైకిలెక్కి పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. కనుబొమల మీద కూడా తవుడు ఉండేది. ఇంట్లో ఉండేది నాయనమ్మ, నేను. అమ్మ రెండు నెలలుగా సూర్యాపేట పెద్ద దవాఖానలో ఉంది. ఆ జబ్బుకు ఒక పేరుండేది కానీ మా ఇంట్లో ఎవరూ దాన్ని పలికేవాళ్ళు కాదు. "దగ్గు" అనేవాళ్ళు. "దగ్గు తగ్గిందా?" అనేవాళ్ళు. వారానికొకసారి నాయిన బస్సెక్కి పోయి అమ్మను చూసి వచ్చేవాడు. వచ్చి కాళ్ళు కడుక్కోకముందే నాయనమ్మ అడిగేది.

"ఏమన్న తిన్నదా?"

"ఏడ తింటదమ్మా. బన్ను ముక్క నోట్ల పెడ్తే గంటసేపు నములుతది. ఏది పెట్టినా మట్టి తిన్నట్టున్నదంటది."

ఒక వారం మాత్రం నాయిన కొంచెం తేటగా ఉన్న మొహంతో వచ్చాడు. అరుగు మీద కూలబడి, "తునకల కూర అయితే తింటదట" అన్నాడు. "నీ చేతివి. పొగ మీద పెట్టినవి. అట్ల నోరు తెరిసి అడిగింది."

తునకలంటే ఎండబెట్టిన మాంసం. మామూలుగా అందరూ ఎండలో దండెం మీద ఎండబెట్టుకునేవాళ్ళు. వానాకాలంలో పొగ మీద ఎండబెట్టడం మా వాడకట్టులో నాయనమ్మ ఒక్కదానికే చేతనయ్యేది. మామూలు రోజుల్లో అత్తాకోడళ్ళిద్దరూ పొయ్యి దగ్గర, నీళ్ళ దగ్గర, నా జడ దగ్గర కూడా కొట్లాడుకునేవాళ్ళు. ఆ కూర వండిన రోజు మాత్రం ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. అందుకే అమ్మ అడిగిందనగానే నాయనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అడిగిందా? నా పేరు చెప్పి అడిగిందా?"

"నీ పేరు చెప్పే అడిగింది."

"ఇగ ఆ పోతును కొయ్యి మరి."

అది అమ్మ పెంచిన మేకపోతు. నల్లది, ఒక చెవి తెల్లది. నా లెక్కల పుస్తకం సగం తిన్నది. దాన్ని కోసేటప్పుడు నేను గడ్డివాము వెనక దాక్కుని ఏడ్చాను. ఒక గంట తర్వాత కార్జం వేయించిన వాసన వచ్చింది, ఏడుపు మొహంతోనే పోయి రెండు ముక్కలు ఎక్కువ అడిగి తిన్నాను. పిల్లల ఏడుపు అంతే.

సగం మాంసం వాడకట్టుకు పోయింది. మిగిలింది తునకలకు. నాట్ల కాలం, ముసురు పట్టి మూడు రోజులు. సూర్యుడి జాడే లేదు. నాయనమ్మకు అప్పటికే ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంట్లో పువ్వు పడి అంతా మసక. నన్ను పిలిచి ఎదురుగా పీట వేసింది.

"సేతులు నావి, కండ్లు నీవి. ఇయ్యాల నేర్సుకో. నేను పోయినంక గీ ఇంట్ల ఎవ్వలకు ఒస్తది?"

ఆ రోజు నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఆమె ఒక మాంసం ముద్దను ఎడమ చేతిలో తిప్పుకుంటూ కోస్తుంటే అది పాగా విప్పినట్టు పొడుగ్గా, పలుచగా జారుతూ వచ్చేది. నేను కోస్తే మధ్యలో తెగేది, లేదా ఒక చివర లావు, ఒక చివర బొక్క. నాయనమ్మ వేళ్ళతో తడిమి, "గిది తునక గాదు పిల్లా, చెప్పు అట్ట" అని పక్కన పడేసేది. వేలు తెగింది. తెగిన వేలితోనే ఉప్పూ పసుపూ పట్టించమంది. నేను అరిచాను. "మంటయితే మంచిదే, పుండు మానుతది" అంది, చేతులు ఆపకుండా.

తునకలన్నీ గోగునారకు గుచ్చి మొదట చూరు కింద గాలికి వేలాడదీశాం. అక్కడే ఆమె పదిసార్లు చెప్పిన మాట ఒకటుంది. "తడి మీద పొగ తగిలితే పైన నల్లగ నిగనిగలాడ్తది, లోపల కుళ్ళుతది. మొదలు తడి పోవాలె. ఆ తర్వాత పొగ. నడుమ నిప్పు పోవద్దు." మర్నాడు వాటిని వంట కొట్టంలోకి మార్చి, పొయ్యికి మనిషెత్తున అడ్డకర్ర కట్టి దాని మీద వేశాం. పొయ్యిలో రెండు తుమ్మ మొద్దులు, వాటి మీద నాయిన మిల్లు నుంచి తెచ్చిన వరి ఊక. ఊక మండదు, ఊరికే రగులుతుంది. తెల్లటి పొగ నిమ్మళంగా పైకి లేచి తునకల మధ్య తిరిగేది. కాసేపటికొకసారి గుప్పెడు ఊక చల్లడం నా పని. మంట లేస్తే నీళ్ళు చిలకరించాలి. పొగ తగ్గితే ఊదాలి. మూడు రోజులు బడి ఎగ్గొట్టడం నాకు పండగే అనుకోండి.

నా పావడా, నా జుట్టు, చివరికి నేను తాగే నీళ్ళు కూడా పొగ వాసనే. నాకు ఆ వాసన ఇష్టంగా ఉండేది. అమ్మకు కూడా ఇష్టమని దాన్ని ఇంకా ఎక్కువ పీల్చేదాన్ని. నాయనమ్మ కునుకు తీస్తున్నప్పుడు కొసకు వేలాడే సన్నటి తునకలు తెంపి నోట్లో వేసుకునేదాన్ని. ఉప్పగా, కొంచెం చేదుగా, నారలాగా ఉండేవి. లేచి ఆమె దండెం తడిమి చూసి, "గీ ఇంట్ల రెండు కాళ్ళ ఎలుకలు దిగినట్టున్నయి" అనేది. నేను దగ్గినట్టు నటించి బయటికి పోయేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే ఆ రెండు రోజులే మా ఇంట్లో చివరి సంతోషం.

మూడో రోజు నాయనమ్మకు చలిజ్వరం వచ్చింది. లోపలింట్లో రెండు బొంతలు కప్పుకుని పడుకుంది. పళ్ళు కటకటలాడుతున్నా అక్కడి నుంచే చెప్పింది. "పొయ్యి ఇడిసి పోకు బిడ్డా. ఇయ్యాలొక్క దినం. మీ అమ్మ నోట్లకు పొయ్యే కూడు గది."

పోను అన్నాను. పోకూడదనే అనుకున్నాను. కానీ పొద్దెక్కాక వీధిలో పిల్లలందరూ ఒకటే ఉరుకుడు. కాలువ వంతెన దగ్గర వడ్ల లారీ బోల్తా పడిందట, బస్తాలన్నీ సాగర్ నీళ్ళలో పడ్డాయట. గుప్పెడు ఊక ఎక్కువ చల్లాను. ఇట్లా పోయి అట్లా వస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. కాలువలో బస్తాలు పందుల్లా తేలుతుంటే మనుషులు తాళ్ళు వేసి లాగుతున్నారు. ఆకలైనప్పుడు గానీ నాకు ఇల్లు గుర్తు రాలేదు.

ఉరికొచ్చి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. నేను చల్లిన ఊకే నిప్పును మూసేసింది. చూరు నుంచి జల్లు కొట్టి పొయ్యి గడ్డ కూడా తడిసింది. తునకలు పైకి నల్లగా బాగానే ఉన్నాయి. వేలితో నొక్కితే మెత్తగా సొట్ట పడింది. ఊదాను. కళ్ళలోకి బూడిద లేచింది తప్ప ఒక్క నిప్పు రవ్వ లేదు. అప్పుడే నా అడుగుల చప్పుడు విని లోపలి నుంచి నాయనమ్మ పిలిచింది.

"పిల్లా, ఆరిందా?"

పొయ్యి గురించే అడిగిందనుకున్నాను. దొరికిపోయాను అనుకున్నాను. ఏడుపు గొంతుతో, "ఆరింది నాయినమ్మా" అన్నాను.

"మంచిగైంది తల్లీ. నా బంగారు కొండ. ఇగ తీసి కుండల ఎయ్యి. వాసెన గట్టిగ కట్టు. మీ నాయిన పొయ్యేదాక ఇప్పొద్దు, చెమ్మ దిగుతది."

వాసెన అంటే కుండ మూతికి కట్టే గుడ్డ. ఆ గుడ్డ చేతిలో పట్టుకుని నేను నిలబడ్డాను. ఆమె అడిగింది మాంసం గురించని అప్పుడు అర్థమైంది. బాగా అర్థమైంది. పిల్లదానికి తెలియక పొరపాటైంది అని ఇన్నేళ్ళూ నన్ను నేను సముదాయించుకోవాలని చూశాను కానీ, అది అబద్ధం. మొదటి మాట పొరపాటు. దాని తర్వాత ఊరుకున్నది పొరపాటు కాదు. "పొయ్యి ఆరింది, తునకలు ఆరలే" అని ఒక్క మాట అంటే సరిపోయేది. జ్వరంతోనైనా లేచి ఆమె మళ్ళీ రాజేసేది. కానీ కాలువకు పోయిన సంగతి బయటపడేది. బంగారు కొండ అన్న మాట వెనక్కి పోయేది. నేను తునకలన్నీ తీసి కుండలో కుక్కి, మూతికి గుడ్డ కట్టాను.

ఐదు రోజుల తర్వాత నాయిన నన్ను కూడా తీసుకుని సూర్యాపేట బస్సెక్కాడు. కుండ నా ఒళ్ళో ఉంది. సగం దూరం పోయాక గుడ్డలో నుంచి వాసన మొదలైంది. పొగ వాసన కాదు. నేను రెండు అరచేతులూ కుండ మూతి మీద కప్పి పెట్టుకున్నాను. బస్సు కుదిపినప్పుడల్లా దేవుడా దేవుడా అనుకున్నాను. నాయిన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

దవాఖాన వెనక రోగుల తాలూకు వాళ్ళు మూడేసి రాళ్ళు పెట్టి వండుకునేవాళ్ళు. నాయిన ఒక ఖాళీ పొయ్యి చూసుకుని పుల్లలు సర్దాడు. అమ్మ వరండా దాకా నడిచి వచ్చింది. అంత దూరం నడవగలదని నాకు తెలియదు. తల దువ్వుకుంది. బొట్టు పెట్టుకుంది. చీర మార్చుకుంది. గోడకు ఆనుకుని కూర్చుని, తన స్టీలు గిన్నె కడిగి పక్కన పెట్టుకుంది. కూర ఉడికే వాసన చూడాలని వచ్చానంది. ఆ గిన్నె వంక నేను చూడలేకపోయాను.

నాయిన ముడి విప్పకుండానే గుడ్డ లాగేశాడు. పక్క పొయ్యి దగ్గరి ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని లేచి దూరం జరిగారు. లోపల తెల్లగా పురుగులు కదులుతున్నాయి. నాయిన కుండలోకి చూస్తూ అట్లాగే కూర్చుండిపోయాడు. అమ్మ మాత్రం నన్ను చూసింది. నాయనమ్మ నాకు నేర్పిస్తోందని, వచ్చీ రాగానే లోపలికి పోయినప్పుడే నాయిన చెప్పాడట.

"నువ్వు చేసినవా బిడ్డా?"

కోపంగా అడగలేదు. అవునంటే దగ్గరికి తీసుకునేదేమో కూడా. నేను నాయిన వైపు చూసి, "నాయినమ్మ చేసింది" అన్నాను.

"పోనియ్యి" అంది అమ్మ. "ఆమెకు కండ్లు కనవడ్తలేవు పాపం. ఏమనకుండ్రి ముసల్దాన్ని." గిన్నె తీసుకుని గోడ పట్టుకుని లోపలికి పోయింది. ఆ పూట ఏమీ తినలేదు. మళ్ళీ బస్సెక్కే వారం రాకముందే పోయింది.

ఆ తునకలు తింటే అమ్మ బతికేదని నేను అనను. ఆ జబ్బు సంగతి ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఒక మనిషి ఆశపడి, తల దువ్వుకుని, గిన్నె కడుక్కుని కూర్చుంది. అది నా వల్ల తప్పిపోయింది.

కుండ విప్పిన రోజే ఇంటికి రాగానే నాయిన ఖాళీ కుండను, ఆ గుడ్డను నాయనమ్మ ముందు పడేశాడు. "పురుగులు పెట్టి పంపినవ్ నా పెండ్లానికి" అన్నాడు. జ్వరం తగ్గి అప్పుడే లేచి కూర్చున్న నాయనమ్మ ఆ గుడ్డను చేతిలోకి తీసుకుంది. విప్పకుండా లాగేసిన ముడి ఇంకా దానికి అట్లాగే ఉంది. కాసేపు దాన్ని వేళ్ళతో తడిమింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నా పేరు చెబుతుందని ఎదురుచూశాను.

"నేనే కట్టిన కొడుకా" అంది. "కండ్లు కనవడలే."

ఆ రోజు నుంచి నాయిన ఆమె చేతి నుంచి గ్లాసెడు నీళ్ళు కూడా అందుకోలేదు. అమ్మా అని పిలవలేదు. ఆమె వండేది. "నువ్వు పెట్టు బిడ్డా" అని గిన్నెలు నా ముందుకు తోసి, తలుపు వెనక కూర్చునేది. ఆమె వండిన అన్నమే నా చేతి నుంచి నాయిన తినేవాడు. ఆయన చేయి కడుక్కుని పోయాక లోపలి నుంచి మెల్లగా అడిగేది. "తిన్నడా?" తిన్నాడు అనేదాన్ని. "మల్ల అడిగి పెట్టిచ్చుకున్నడా?" ఎనిమిదేళ్ళు రెండు పూటలా ఇదే మాట. ఎనిమిదేళ్ళూ ఆమె పక్కన ఒకే చాప మీద పడుకున్నాను. నేనే నాయినమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె పోయిన రోజు పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. నాయిన మిల్లులో ఉన్నాడు.

నాయిన తన చివరి రోజుల్లో ఇక్కడ సూర్యాపేటలో నా దగ్గరే ఉన్నాడు. ఒక చలికాలం పొద్దున వాకిట్లో ఎండకు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఎందుకో ఇక మోయలేననిపించింది. పక్కన పీట వేసుకుని మొత్తం చెప్పాను. కాలువ, లారీ, పొయ్యి, ఆరింది అన్న మాట. ఆయన ఎండ వైపు మొహం పెట్టుకుని విన్నాడు.

"నాకెరికే బిడ్డా" అన్నాడు.

"ఎట్లెరిక?"

"బస్సుల కుండ మూతి మీద రెండు చేతులు పెట్టుకోని కూసున్నవ్. తెల్వని పిల్ల అట్లెందుకు కూసుంటది?"

"మరి నాయినమ్మకు ఎరికనా?"

"ముడి తడిమింది గద. నువ్వేసిన ముడి ఆమె ఏసే ముడి గాదు."

"మరి ఎనిమిదేండ్లు ఆమెనెందుకు గట్ల చేసినవ్ నాయినా?"

ఆయన తువ్వాలు ఒళ్ళో మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

"కోపం ఎవ్వల మీదనో పెట్టాలె గద. నీ మీద పెడ్తే నువ్వు తట్టుకోవు. నాకు నువ్వొక్కదానివే మిగిలినవ్. ఆమె నా తల్లి, తట్టుకుంటదనుకున్న. ఆమె గూడ అడ్డం చెప్పలే."

వీధిలో ఆటోలు పోతున్నాయి. కాసేపటికి ఆయనే, నా వైపు చూడకుండా అడిగాడు.

"పొయ్యేటప్పుడు మా అమ్మ నన్నేమన్న అన్నదా?"

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. "ఏమనలే నాయినా. నువ్వు తిన్నవా అని అడిగింది."

"నువ్వేం చెప్పినవ్?"

"తిన్నడని చెప్పిన."

"తిన్ననా ఆ పూట?"

"తెల్వదు నాయినా. నువ్వు మిల్లుల ఉన్నవ్."

ఆయన తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. అన్నం వేళ దాటిపోయింది. ఆయన లేవలేదు, నేను తినమని అడగలేదు.